క్రోన్స్ ఉన్న పిల్లాడికి 8 వారాలు ఫార్ములా ఒక్కటే ఇవ్వమన్నారు, తట్టుకుంటాడా?

మీ 11 ఏళ్ళ బాబుకి క్రోన్స్ (పేగుల్లో వాపు వచ్చి ఏళ్ళ తరబడి ఉండే జబ్బు) అని తేలింది, 8 వారాలు తిండి ఆపేసి ఫార్ములా (పోషకాలన్నీ కలిపి తయారుచేసిన తాగే ఆహారం) మాత్రమే తాగించమన్నారు, అసలే బక్కచిక్కిపోయాడు, ఇంకా నీరసించిపోతాడేమో, దాని బదులు స్టెరాయిడ్ ఇస్తే సరిపోదా అని అడిగారు కదండీ. మా పాపకి పదేళ్ళప్పుడు మేమూ ఇదే భయపడ్డాం, అందుకే రాస్తున్నా.

అది పస్తు కాదండి. రోజుకి కావాల్సిన కేలరీలు, ప్రోటీన్, విటమిన్లు అన్నీ లెక్కగట్టి అందులోనే ఇస్తారు, పేగులో వాపు తగ్గించే మందే అది. సరిగ్గా పాటిస్తే పది మంది పిల్లల్లో ఏడెనిమిది మందికి జబ్బు అదుపులోకి వస్తుంది, స్టెరాయిడ్‌కి ఏమీ తీసిపోదు, పైగా పేగు లోపలి పొర దీంతోనే బాగా మానుతుంది. స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడితే ఎముకలు బలహీనపడతాయి, ఎదుగుదల దెబ్బతింటుంది, ఈ జబ్బేమో ముందే పిల్లల్ని ఎదగనివ్వదు. మా పాపకి విరేచనాల కంటే ముందు అదే కనపడింది, ఏడాదిన్నరగా ఎత్తు పెరగలేదు, తినట్లేదని దాన్నే తిట్టేవాళ్ళం, తల్చుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కాకపోతే మలద్వారం దగ్గర ఫిస్టులా (పేగు నుంచి చర్మం దాకా పడే పుండు దారి) ఉన్నా, జబ్బు బాగా తీవ్రంగా ఉన్నా డాక్టర్లు మొదటి నుంచే బయలాజిక్స్ (వాపు తెప్పించే ప్రోటీన్లని అడ్డుకునే ఇంజెక్షన్ మందులు) వైపు వెళ్తారు, మీకు ఫార్ములా చెప్పారంటే అన్నీ చూసే చెప్పుంటారు.

మొదటి వారం కష్టం, అబద్ధం చెప్పను. వాసనకే ఏడ్చేసేది. బాగా చల్లగా చేసి, మూత ఉన్న గ్లాసులో స్ట్రా వేసి ఇచ్చాక కాస్త నయం, అందరం తినేటప్పుడు తనూ గ్లాసు పట్టుకుని మా పక్కనే కూర్చునేది, వేరే గదిలో ఉంచితే ఇంకా బాధపడింది. అస్సలు తాగలేకపోతే ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేస్తారు, దానికి భయపడకండి. రెండో వారానికి నొప్పి తగ్గింది, తనే టైముకి అడిగి తాగడం మొదలెట్టింది.

మేం తప్పు చేసింది ఆ తర్వాత. ఫార్ములాతో మంట చల్లారుతుంది అంతే, మళ్ళీ రాకుండా మందు కొనసాగాలి, మాకు అజాథయోప్రిన్ (రోగనిరోధక వ్యవస్థని నెమ్మదింపజేసే మాత్ర) ఇచ్చారు. ఆడుకుంటోంది, నొప్పి లేదు, ఇంక మాత్రలెందుకని డాక్టర్‌ని అడక్కుండా వాళ్ళ నాన్నా నేనూ ఆపేశాం, ఐదు నెలలకి తిరగబెట్టింది. పైకి బాగున్నా లోపల వాపు ఉండొచ్చు, అందుకే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్ (పేగు వాపుని పట్టిచ్చే ప్రోటీన్ ఎంత ఉందో చూసేది) చేయిస్తూ ఉంటారు, నొప్పి రాకముందే అది పెరుగుతుంది. ఆ తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయలాజిక్ మొదలుపెట్టారు, నరంలోకి మొదటి డోసు ఎక్కించాక 2 వారాలకి, 6 వారాలకి, అక్కడి నుంచి ప్రతి 8 వారాలకి. దానికి ముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు తప్పనిసరి, అది వాడేటప్పుడు లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి) వేయించకూడదు కాబట్టి టీకాల కార్డు ఇప్పుడే డాక్టర్‌కి చూపించండి.

బాబు ఎత్తు, బరువు నెలనెలా రాసిపెట్టండి. స్కూల్లో కూడా చెప్పండి, అడక్కుండా బాత్రూమ్‌కి వెళ్ళనివ్వాలని. ఫార్ములాతో పాటు నీళ్ళు కాకుండా ఇంకేమైనా ఇవ్వచ్చా అనేది ఒక్కో డైటీషియన్ ఒక్కోలా చెప్తారు, మొదలెట్టే ముందే అడిగి రాసుకోండి, ఏదైనా ఇబ్బంది వస్తే ఇక్కడే అడగండి, నాకు తెలిసింది చెప్తా.