నీళ్లలోని ఓడకు అడుగున మరమ్మతు ఎట్లా చేస్తారు?

కర్నూలులో మా పక్కింటి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. పెద్ద ఓడను మామూలుగా గట్టుకు లాగరు, దాని కింది నీళ్లనే తీసేస్తారు. మన కేసీ కాలువను 1860ల్లో సాగుకే కాదు, పడవలకు కూడా తవ్వారు. అలాంటి కాలువలో రెండు తలుపుల మధ్య ఉండే గది లాకు. అందులో పడవ కోసం నీటిమట్టం పెంచుతారు, దించుతారు. ఓడల మరమ్మతుకు ఒడ్డున కట్టే తలుపున్న తొట్టి డ్రై డాక్‌లో అయితే నీళ్లను పూర్తిగా ఖాళీ చేస్తారు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఓడను లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్లు తగ్గేకొద్దీ దిమ్మెల మీద కూర్చోబెడతారు. నాచు పట్టిన అడుగంతా అప్పుడు చేతికందుతుంది.

ఆసియాలో మొదటి డ్రై డాక్ 1750లో బొంబాయిలో కట్టారు. సూరత్ నుంచి వచ్చిన పార్సీ వడ్రంగి లవ్‌జీ నుస్సేర్వాన్‌జీ వాడియా పనితనం అది! ఇప్పుడది నౌకాదళ డాక్‌యార్డులో ఉంది. ఆయన వంశంవాళ్లు అక్కడే టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దింపిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండ్‌లో నేటికీ తేలుతోంది.