పేజీ తీసేయడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చేసి గుంటూరులో ఓ చిన్న కంపెనీలో చేరాడు. వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద పని. రెండు వారాలుగా ‘పేజీ డిలీట్ చేస్తే ఏం జరగాలి’ అన్నదాని మీదే కూర్చున్నాడు. మా తోడల్లుడి కొడుకు ఏఐ కోర్సులో చేరాడు. మావాణ్ణీ ఉద్యోగం మానిపించి అందులో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది గానీ తోడల్లుడు మారడు.

ముందు మీవాడి పని సంగతి. వర్డ్‌ప్రెస్‌లో పేజీ తీసేస్తే మొదట ట్రాష్‌లోకి వెళ్తుంది. సెట్టింగ్ మార్చకపోతే 30 రోజులు అక్కడే ఉండి, తర్వాత శాశ్వతంగా పోతుంది. ఈ ఒక్కో దశలో మన కోడ్ తగిలించుకునే చోట్లే హుక్స్.

రియల్ ఎస్టేట్ సైట్ అనుకోండి. వెంచర్‌కో పేజీ, ప్లాట్ల వివరాలు మాత్రం డేటాబేస్‌లో వేరే టేబుల్‌లో. పేజీ పోయినా వర్డ్‌ప్రెస్ ఆ టేబుల్ జోలికి పోదు, మీవాడి కోడే శుభ్రం చేయాలి. ట్రాష్‌లో పడగానే చెరిపేస్తే, మర్నాడు క్లయింటు ‘పొరపాటున తీశాం, వెనక్కి తెండి’ అన్నప్పుడు పేజీ వస్తుంది, ప్లాట్లు రావు. పోనీ అని చిట్టచివరి హుక్ ‘ఆఫ్టర్ డిలీట్ పోస్ట్’ దాకా ఆగితే, పేజీతో దాచిన అదనపు వివరాలు, అంటే కస్టమ్ ఫీల్డ్స్, అప్పటికే పోయుంటాయి. అవి కావాలంటే అంతకుముందు నడిచే ‘బిఫోర్ డిలీట్ పోస్ట్’ హుక్ దగ్గరే చదువుకోవాలి. ఇంకో తిరకాసుంది. పేజీతోపాటు దాని పాత రివిజన్లూ (మార్చినప్పుడల్లా దాచిన పాత కాపీలు) డిలీట్ అవుతాయి, ఒక్కోదానికీ అదే హుక్ మళ్లీ నడుస్తుంది. పేజీ పోగానే మేనేజర్‌కు మెయిల్ పంపే కోడ్ రాశాడనుకోండి, పోతున్నది పేజీయా రివిజనా అని పోస్ట్ టైప్ చూసుకోకపోతే ఒక్క పేజీకి డజను మెయిళ్లు పోతాయి. కొత్తవాడికి రెండు వారాలు ఎక్కువేం కాదండీ.

ఏఐ కోర్సుల మీద నాకున్న అనుమానం దాచను. ఏఐ మీద కాదు, ఆ కోర్సుల మీద. గణితం, స్టాటిస్టిక్స్ పునాది లేకుండా, ముందే శుభ్రం చేసిపెట్టిన డేటాతో నాలుగు ప్రాజెక్టులు చేయించి సర్టిఫికెట్ చేతికిస్తారు. ఇంటర్వ్యూలో పక్కన కూర్చునేది స్టాటిస్టిక్స్‌లో పీజీ చేసినవాళ్లు. ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అన్న మాటలో ఉద్యోగం ఇస్తామన్న హామీ లేదు. ఫీజు కట్టేముందు ఆ కాగితం ఒకసారి చదవండి.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. మీ ఉత్తరమంతా వెతికాను, మీవాడికి ఏం ఇష్టమో ఒక్క వాక్యం లేదు. సొంత సంపాదన మొదలుపెట్టిన పిల్లవాణ్ణి ‘చేర్పించడం’ ఏమిటి? స్కూలు అడ్మిషనా?

వర్డ్‌ప్రెస్ బంగారు గని అని కూడా నేను అనను. రెడీమేడ్ థీమ్ తెచ్చి రంగులు మార్చే పనికి రేట్లు మరీ తక్కువ, అలాంటి సైట్లు ఇప్పుడు ఏఐ టూల్సే కట్టేస్తున్నాయి. మీవాడు చేస్తున్నది ఆ పని కాదు. పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో సిగ్నల్స్, డేటాబేస్‌లో ట్రిగ్గర్లు కూడా ‘ఏదైనా జరిగినప్పుడు మన కోడ్ నడవాలి’ అన్న ఇదే ఆలోచన మీద నడుస్తాయి. రేపు వేరే చోటికెళ్లినా పనికొస్తుంది. అంచేత కంగారు పడకండి, వాడు వెనకబడిపోలేదు.

ఇంకో ఏడాది అక్కడే ఉండనివ్వండి. ఈలోగా డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకుని, సొంతంగా వర్డ్‌ప్రెస్‌కు తగిలించే ఒక చిన్న ప్లగిన్ రాసి, నలుగురూ కోడ్ చూసే గిట్‌హబ్ సైట్‌లో పెట్టమనండి. ఏఐ మీద వాడికే మనసుంటే సాయంత్రాలు దానికి పునాది గణితమైన లీనియర్ ఆల్జీబ్రాతో మొదలుపెట్టొచ్చు, దానికి రాజీనామా అక్కర్లేదు. ఏడాది తర్వాత కంపెనీ ఇలాంటి పని మాని, బ్యానర్లు మార్చే పని మాత్రమే ఇస్తుంటే అప్పుడు వేరే ఉద్యోగం చూసుకోమనండి.