మిక్సింగ్ బాగోలేదంటే సరిపోతుందా?

ప్రశ్న: స్వతంత్ర కళాకారుల కొత్త పాటలకు సమీక్షలు రాస్తుంటాను. మిక్సింగ్ (గొంతునీ, వాద్యాల శబ్దాల్నీ సర్ది కలపడం) బాగోలేదంటే, ఎక్కడో చెప్పమంటున్నారు. ఎలా పట్టుకోవాలి?

జవాబు: అడగడం న్యాయమే. ముందు వాల్యూమ్ సంగతి చూడండి. ఒకట్రెండు డెసిబెల్స్ ఎక్కువుంటే చాలు, చెవికి అదే మెరుగనిపిస్తుంది. స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి సర్దుతుంది. మీకు నేరుగా పంపిన వేవ్ (WAV) ఆడియో ఫైలుకు ఆ సర్దుబాటు ఉండదు. పోల్చేముందు రెండింటి వాల్యూమ్‌నీ సమానం చేసుకోండి.

తర్వాత మోనోలో, అంటే కుడి ఎడమ ఛానెళ్లను ఒకటిగా కలిపి, వినండి. హెడ్‌ఫోన్స్‌లో విశాలంగా పరుచుకున్న కోరస్ మోనోలో చిక్కిపోతే, కుడి ఎడమ ఛానెళ్ల ఫేజ్ (ధ్వని తరంగాల ఎత్తుపల్లాల వరుస) ఎదురుపడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయన్నమాట. అదెన్నో నిమిషంలో, ఎన్నో సెకనులో జరిగిందో రాయండి. సాహిత్యం మాత్రం మొదటి వినికిడి అయ్యాకే చదవండి. ముందే చదివితే, వాద్యాల కింద నలిగిన మాటలు కూడా స్పష్టంగా వినబడినట్టే ఉంటుంది.