జపాన్‌లో శరత్కాలపు వారాంతం: ఏ వైను కొనాలి?

సెప్టెంబరు చివరికి టోక్యోలో ఉక్కపోత తగ్గి సాయంత్రాలు చల్లబడతాయి. ఉద్యోగాల మీద కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే నన్ను ఒక సందేహం అడుగుతుంటారు. "శనివారం రాత్రి ఇంట్లో తీరికగా కూర్చుని తాగడానికి ఇక్కడి వైను ఏదైనా మంచిది చెప్పండి. సూపర్‌మార్కెట్‌లో ఎటు చూసినా చిలీ, ఫ్రాన్సు సీసాలే ఉన్నాయి. జపాన్ వైను అసలు ఉందా? ఉంటే పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా?"

ఉంది, చాలా బాగుంటుంది. చిలీ వైను రేపు హైదరాబాద్‌కు తిరిగి వెళ్లినా దొరుకుతుంది. యమనషి కొండల్లో పండిన కొషూ ద్రాక్ష వైను అక్కడ దొరకడం కష్టం. అందుకే ఇక్కడ ఉన్నంతకాలం ఇక్కడిదే తాగమని చెబుతాను, అదీ కొషూతో మొదలుపెట్టమని చెబుతాను.

అయితే కొనేముందు సీసాను వెనక్కి తిప్పి చూడాలి. జపాన్‌లో తయారైన ప్రతి వైనూ జపాన్ ద్రాక్షతో చేసినది కాదు. విదేశాల నుంచి చిక్కని ద్రాక్షరసం తెప్పించి, నీళ్లు కలిపి పులియబెట్టినది కూడా ఒకప్పుడు దేశీయ వైను పేరుతోనే అమ్ముడయ్యేది. 2018 అక్టోబరు 30 నుంచి లేబుల్ నిబంధనలు మారాయి. పూర్తిగా ఇక్కడ పండిన ద్రాక్షతో, ఇక్కడే తయారైన వైను మీద మాత్రమే 'నిహోన్ వైన్' అని రాయాలి. దిగుమతి సరుకు వాడినది 'కొకునై సెయ్‌జో వైన్' కిందకు వస్తుంది, ఆ సంగతి ముందువైపు లేబుల్ మీదే చెప్పాలి. ఊరి పేరు గానీ ద్రాక్ష రకం గానీ సంవత్సరం గానీ వేయాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష అదే అయి ఉండాలి. లిపి చదవడం రాకపోతే ఫోను కెమెరాతో అనువాదం చేసి చూసుకోండి, అర నిమిషం పని. కింది అరలో ఐదారు వందల యెన్లకు దొరికేవి దాదాపు అన్నీ రెండో రకమే. అసలైన నిహోన్ వైన్ మంచిది కావాలంటే 1,500 నుంచి 3,000 యెన్ల వరకు పెట్టాలి. ఇక్కడి తోటలు చిన్నవి, పని ఎక్కువ, ధర అందుకే అంత. వారానికి రెండు చవక సీసాలకు బదులు రెండు వారాలకు ఒక మంచి సీసా కొనుక్కోండి. చాలా వైనరీలు 360 మిల్లీలీటర్ల చిన్న సీసాలూ అమ్ముతాయి, ఒంటరిగా ఉండేవారికి అది సరిపోతుంది.

ఇక కొషూ గురించి. టోక్యోకు పడమరగా ఉన్న యమనషి ప్రిఫెక్చర్‌లో, ముఖ్యంగా కత్సునుమ ప్రాంతంలో, వందల ఏళ్లుగా పండుతున్న ద్రాక్ష ఇది. వైను తెల్లనిదే గానీ పండు మాత్రం మనం ఎరిగిన తెల్లద్రాక్షలా పచ్చగా ఉండదు. లేత గులాబీ రంగు, పైన పల్చటి బూడిద పూత, మందమైన తొక్క. ఎండలో వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి గింజలు నీడలా కనిపిస్తాయి. ఐరోపా ద్రాక్షకు తూర్పు ఆసియా అడవి ద్రాక్ష కలిసి పుట్టిన రకమని జన్యుపరీక్షల్లో తేలింది. 2010లో అంతర్జాతీయ ద్రాక్ష, వైను సంస్థ దీన్ని వైను ద్రాక్షగా నమోదు చేసుకుంది. అప్పటి నుంచి ఐరోపాకు వెళ్లే సీసాల మీద కొషూ పేరు వేసుకునే వీలు కలిగింది.

అక్కడ తీగల్ని పందిళ్ల మీద పాకిస్తారు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్లకు ఆ పందిళ్ల కింద నడుస్తుంటే సొంత ఊరికి వచ్చినట్టే ఉంటుంది. ఇక్కడ పందిరి వేయడానికి కారణం వాన. గుత్తులు నేలకు ఎత్తుగా వేలాడితే గాలి ఆడుతుంది, బూజు పట్టదు. అదీ చాలదన్నట్టు చాలా తోటల్లో ఒక్కో గుత్తికీ మైనం పూసిన కాగితం టోపీ కట్టి, వాన నీరు పండు మీదికి జారకుండా చూస్తారు. ఇదంతా చేత్తో చేసే పని. రెండు వేల యెన్లు ఎక్కువ అనిపించినప్పుడు ఆ కాగితం టోపీలను తలచుకోండి.

రుచి సంగతికి వస్తే, కొషూ గట్టిగా పలకరించే వైను కాదు. దబ్బపండు తొక్క వాసన, పంపరపనస లాంటి పులుపు, చివర్లో కాస్త చేదు. మద్యం శాతం కూడా 11, 12 దగ్గరే ఉంటుంది. మొదటి గుక్కకు నీళ్లలా ఉందని కొందరు అంటారు. తొందరపడకండి, తిండితో పాటు తాగి చూడండి. ఒక మాట గుర్తుపెట్టుకోండి, 'షూర్ లీ'. పులియడం అయ్యాక వైనును వెంటనే తేర్చకుండా కొన్ని నెలలు ఈస్టు మడ్డి మీదే ఉంచే పద్ధతి ఇది. దానివల్ల పల్చటి కొషూకు కొంత నిండుదనం వస్తుంది. 1980లలో మెర్షన్ అనే వైను తయారీ సంస్థ ఈ పద్ధతిని కొషూకు వాడి, దాన్ని తన దగ్గరే దాచుకోకుండా చుట్టుపక్కల వైనరీలకు కూడా నేర్పింది. నేటి కొషూకు ఉన్న మంచి పేరులో ఆ పెద్దమనసు పాలు చాలా ఉంది. మరుఫుజి వారి రుబాయత్, కత్సునుమ జోజో వారి అరుగా బ్రాంకా, గ్రేస్ వైన్ వారి కొషూ, ఈ మూడింటిలో ఏది దొరికినా తీసుకోండి.

శరత్కాలానికి నేను ప్రత్యేకంగా చెప్పేది మాత్రం తొక్కతో కలిపి పులియబెట్టిన కొషూ. ఆరెంజ్ వైను అని అడిగితే చూపిస్తారు. గులాబీ తొక్కలోని సారం దిగి తేనెరంగుకు వస్తుంది, కొద్దిగా వగరు పట్టుకుంటుంది. మన వంటల పక్కన నిలబడే సత్తువ దీనికి ఉంది. పుట్టగొడుగుల వేపుడు, నేతిలో వేయించిన చామదుంపలు, ఇక్కడ ఈ కాలంలో వీధుల్లో అమ్మే కాల్చిన చిలగడదుంప, వీటన్నిటితో బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బయట ఉంచాకే గ్లాసులో పోయండి. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు, వగరు ఒక్కటే తగులుతుంది.

మన తిండితో వైను కుదరదని చాలామంది అనుకుంటారు. కుదురుతుంది, కారం విషయంలో కాస్త జాగ్రత్త పడితే చాలు. మద్యం కారాన్ని ఎగదోస్తుంది, వగరున్న ఎర్ర వైను మరింత మండిస్తుంది. గొంగూర మాంసం, ఆవకాయ అన్నం లాంటివి ఉన్న రాత్రి వైను తెరవకపోవడమే మంచిది. చింతపండు పులుసుతో మాత్రం కొషూ చక్కగా సరిపోతుంది. తిండి పుల్లగా ఉన్నప్పుడు వైనులో కూడా పులుపు ఉండాలి, లేకపోతే వైను చప్పగా తోస్తుంది. ఇక్కడ దొరికే సబా చేపతో కారం తగ్గించి పులుసు పెట్టి, పక్కన షూర్ లీ కొషూ పెట్టుకోండి. ఉప్పు రాసి కాల్చిన సన్మా చేపతో కూడా అంతే. అది ఈ కాలపు చేప, నిమ్మజాతి పండు పిండుకుని తింటారు. ఆ పిండిన పులుపు చేసే పనినే గ్లాసులోని కొషూ కూడా చేస్తుంది.

శాకాహారులకు ఒక మాట. వైనును తేర్చడానికి కొన్నిచోట్ల గుడ్డులోని తెల్లసొన, జెలటిన్, చేపల నుంచి తీసిన పదార్థం వాడతారు. అది పట్టింపు ఉన్నవారు 'ముసెయ్‌చో' అని అడగండి, తేర్చే పదార్థాలు కలపని వైను ఇస్తారు.

ఎర్రది కావాలంటే మస్కట్ బెయిలీ ఎ. నీగతకు చెందిన కవకమి జెన్‌బెయ్ 1927లో రెండు రకాల్ని కలిపి సృష్టించిన ద్రాక్ష ఇది. స్ట్రాబెర్రీ వాసన, తక్కువ వగరు. పుల్లలకు గుచ్చి, సోయా పాకం పూసి కాల్చిన కోడిమాంసం యాకితోరికి దీన్ని మించిన జోడీ లేదని నా అభిప్రాయం. కొద్దిగా చల్లబరిచి తాగాలి. ఇంకా బరువైనది ఇష్టమైతే నగానోలోని షియోజిరి దగ్గర కిక్యోగహరలో పండే మెర్లో ద్రాక్ష వైను ఉంది, దాని ధర కూడా బరువే. హొక్కైడో నుంచి వచ్చే కెర్నర్ తెల్లవైను సువాసనగా ఉంటుంది, కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూరకు పెట్టండి. అక్కడి యొయిచి ఊరి పినో నువార్ ఎర్ర వైనుకు దేశమంతా గిరాకీ, మంచి తయారీదారులవి దొరకడమే కష్టం. వాటి వెంట పరుగులు ఇప్పుడే వద్దు.

సీసాలు కొనడంతో ఆగకుండా ఒక్క శనివారమైనా కత్సునుమ వెళ్లి రండి. షింజుకు నుంచి జేఆర్ చువో లైనులో గంటన్నర, రెండు గంటల ప్రయాణం, దిగాల్సిన స్టేషను కత్సునుమ-బుదోక్యో. ప్లాట్‌ఫాం మీదినుంచే కింద లోయంతా ద్రాక్ష పందిళ్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలో, ఒక చిన్న కొండ మీద, ద్రాక్ష పేరే ఉన్న కొషూ నగరపు పాలక సంస్థ నడిపే 'బుదో నో ఒక' ఉంది. రుసుము కడితే చేతికి ఒక చిన్న లోహపు గిన్నె ఇస్తారు. నేలమాళిగలో పీపాల మీద వరసగా పెట్టిన వందకు పైగా స్థానిక వైనుల్లో కావాల్సింది వంచుకుని రుచి చూడవచ్చు. ఎవరూ తొందరపెట్టరు. చిన్న చిన్న గుక్కలతో నాలుగైదు కొషూలు ఒకదాని పక్కన ఒకటి రుచి చూస్తే, ఇంట్లో ఏడాదంతా తాగినా తెలియని తేడాలు అక్కడ తెలుస్తాయి. నచ్చినవాటి లేబుల్ ఫొటో తీసుకోండి. దగ్గర్లోనే దైజెన్‌జి ఆలయం ఉంది, అక్కడి బుద్ధుడి చేతిలో ద్రాక్షగుత్తి ఉంటుంది. 1286 నాటి ఆ ప్రధాన మందిరం జాతీయ సంపద. తిరిగి వచ్చేముందు గుమ్మడికాయ ముక్కలు వేసి ఉడికించిన హోతో నూడిల్స్ తినండి. చిన్న వైనరీలు కొన్ని వారాంతాల్లో మూసి ఉంటాయి, ముందే ఫోను చేసి వెళ్లండి. పిల్లలున్నవారు, తాగనివారు కూడా నిశ్చింతగా రావచ్చు. అక్కడి ద్రాక్షరసం కూడా చాలా బాగుంటుంది.

రైల్లోనే వెళ్లమని ఎందుకంటున్నానో గట్టిగా చెప్పాలి. ఇక్కడ తాగి బండి నడిపితే నడిపినవారికే కాదు, పక్కన కూర్చున్నవారికీ, పోసినవారికీ కూడా శిక్ష పడవచ్చు. సైకిలుకు ఇది వర్తించదని మనవాళ్లలో చాలామందికి అపోహ ఉంది. ఊపిరిలో లీటరుకు 0.15 మిల్లీగ్రాములు, ఆపైన మద్యం ఉంటే సైకిలు తొక్కినందుకు కూడా మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల యెన్ల వరకు జరిమానా విధించేలా 2024 నవంబరులో చట్టం మార్చారు. కత్సునుమలో అద్దె సైకిళ్లు దొరుకుతాయి, రుచి చూసే రోజున వాటి జోలికి వెళ్లకండి. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో స్నేహితుల ఇంటికి విందుకు వెళ్లినా అంతే, సైకిలు అక్కడే వదిలి నడిచి రండి. ఇంకొకటి, ఇక్కడ తాగడానికి వయసు 20. 2022లో మేజర్ వయసు 18కి తగ్గినా ఇది మారలేదు. చదువుకోవడానికి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు గమనించాలి.

ఈ కాలంలో మాత్రమే దొరికేవి రెండున్నాయి. అక్టోబరులో 'నిగోరి' వైను వస్తుంది. వడపోయని కొత్త వైను, మబ్బుగా, ద్రాక్షరసం తీపి ఇంకా మిగిలి ఉంటుంది. దాన్ని ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచి, వారంలోపే పూర్తిచేయండి. తర్వాత నవంబరు 3న యమనషి నువో విడుదలవుతుంది. ఆ ఏడాది పంట కొషూ, మస్కట్ బెయిలీ ఎ ద్రాక్షలతో చేసిన తొలి వైను ఇది. ఆ రోజు సంస్కృతి దినోత్సవం, జాతీయ సెలవు. అదే నెల మూడో గురువారం వచ్చే ఫ్రెంచి బోజొలే నువోకు ఇక్కడ ప్రచారం ఎక్కువ, కానీ విమానం ఎక్కి వచ్చిన సీసా కన్నా రెండు గంటల దూరం నుంచి వచ్చిన దాన్నే ఎంచుకోండి. నవంబరు 3 కొన్నేళ్లు కార్తీకమాసంలో పడుతుంది. నియమం పాటించేవారు కంగారుపడనక్కర్లేదు. సీసా తెరవకుండా చల్లటి చీకటి చోట ఉంచితే మార్గశిరం దాకా ఏమీ కాదు, వసంతం వచ్చేలోపు ఎప్పుడు తెరిచినా బాగుంటుంది.