మే నెల ఎండలు, చంటిబిడ్డకు నీళ్లు

ప్రశ్న: మేడమ్, నాకు బాబు పుట్టి పద్దెనిమిది రోజులైంది. బోడుప్పల్‌లో మా అమ్మగారింట్లో పై అంతస్తులో ఉంటున్నాం. మధ్యాహ్నానికి స్లాబు కాలిపోతుంది. బాబు పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు, నాలుగో రోజు 2 కిలోల 600, పదిహేనో రోజు 2 కిలోల 870. నా పాలే పడుతున్నాను. నాలుగు రోజులుగా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒకటే ఏడుపు, గంటకోసారి పాలు కావాలంటాడు. మా అత్తగారు వచ్చి చూసి, పాలు చాలడం లేదు, కాచిన నీళ్లు పట్టు, డబ్బా పాలు మొదలుపెట్టు అన్నారు. అమ్మమ్మేమో పథ్యమని నాకు పూటకో గ్లాసు నీళ్లే ఇస్తోంది. ఏసీ వేయనివ్వరు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక బాలింత, బోడుప్పల్

జవాబు: బరువులు రాసి పంపి మంచి పని చేశావు తల్లీ. పుట్టిన బిడ్డ మొదటి నాలుగైదు రోజులు కాస్త తగ్గుతాడు. పదో వంతుకు మించి తగ్గితేనే కంగారు. మీవాడు తగ్గింది 200 గ్రాములు. రెండు వారాలు దాటేసరికి పుట్టినప్పటి బరువును మించిపోయాడు. నాలుగో రోజు నుంచి లెక్కేస్తే రోజుకు దాదాపు 25 గ్రాములు పెరిగాడు. పాలు చాలని బిడ్డ ఇలా పెరగడు.

సాయంత్రం ఏడుపు ఈ వయసులో చాలామంది పిల్లలకు ఉంటుంది. ఆరు వారాల దాకా కాస్త పెరిగి, తర్వాత తగ్గుతుంది. గంటకోసారి అడిగితే గంటకోసారి పట్టు. బిడ్డ ఎంత లాగితే పాలు అంత పడతాయి. డబ్బా పాలు మొదలుపెడితే ఆ మేరకు నీ దగ్గర తాగడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి.

రెండు రోజులు డైపర్ మానేసి పొత్తిగుడ్డలు వాడి చూడు. డైపర్‌లో ఎన్నిసార్లు పోశాడో తెలియదు. పాత కాటన్ చీర చింపిన గుడ్డలైతే లెక్క పక్కాగా తెలుస్తుంది. రోజుకు ఆరు గుడ్డలకు తగ్గకుండా తడిసి, మూత్రం తెల్లగా ఉంటే కడుపు నిండుతున్నట్టే. ఆ లెక్క కాగితం మీద రాసి మీ అత్తగారికి చూపించు. ఆవిడ భయం బిడ్డ మీద ప్రేమతో వచ్చిందే. మాటకు మాట చెప్పే కన్నా ఆ కాగితం బాగా పనిచేస్తుంది.

ఇక నీళ్లు. ఈ విషయం నేను గట్టిగానే చెబుతాను. తల్లిపాలలో వందకు 87 పాళ్లు నీళ్లే. ఆరు నెలలు నిండేదాకా, ఎండ ఎంత మండినా, బిడ్డకు ఆ పాలు చాలు. ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేశాను. ఒక మే నెలలో నెల కూడా నిండని పాపను ఫిట్స్‌తో తెచ్చారు. దాహం వేస్తుందని నాయనమ్మ రోజూ నాలుగైదు ఉగ్గుగిన్నెల నీళ్లు పట్టిందట. అంత చిన్న ఒంట్లో నీళ్లు ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది, ఫిట్స్ వస్తాయి. పాప కోలుకుంది కానీ, ఆ పెద్దావిడ గది బయట గోడకు ఆనుకుని ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరైనా నాలుకకు తేనె రాస్తామన్నా వద్దను. ఏడాది నిండేదాకా తేనె ప్రమాదమే.

ఆ నీళ్లేవో నువ్వు తాగు. పథ్యం పేరుతో పాలిచ్చే తల్లిని దాహంతో ఉంచడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్న మాటలో నిజం లేదు. పాలు పట్టడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన చెంబు ఉండాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు అన్నీ తిను. అమ్మమ్మ పెట్టే వెల్లుల్లి కారం అన్నం కూడా తిను, దానితో ఇబ్బందేమీ లేదు.

ఏసీ వేసుకోవచ్చు. 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా బాబు మీదికి రాకుండా చూడు. కూలరైనా అంతే. అంత ఎండలో టోపీ, సాక్సులు, దుప్పటి వేసి చుట్టేస్తే బిడ్డ ఒళ్లు కాలిపోతుంది. పల్చటి కాటన్ జుబ్బా చాలు. వీపు మీద చెయ్యి పెట్టి చూడు, చెమట పట్టి ఉంటే బట్టలు ఎక్కువైనట్టే.

పాలు పట్టేటప్పుడు చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు బాబు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, గుటక చప్పుడు వినపడాలి.

ఒళ్లు 100.4 డిగ్రీలు దాటి కాలినా, లేపినా పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఏడెనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, మాడు గుంట పడినా తెల్లారేదాకా ఆగొద్దు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలో రాత్రంతా పిల్లల డాక్టర్లుంటారు. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యి.

నెల నిండిన రోజున దగ్గర్లోని అంగన్‌వాడీలోనో, బస్తీ దవాఖానాలోనో మళ్లీ తూకం వేయించు. 3 కిలోల 200కు అటూ ఇటూగా ఉండాలి. ఎంత వచ్చిందో నాకు రాయమ్మా.