20 దగ్గర ఆపాలా, ఇంకోసారి వేయాలా?
పాచికల లెక్కలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సెలవుల్లో ఇంట్లో అందరం పిగ్ ఆడుతున్నాం. చేతిలో 20 రాగానే ఆపేయమని ఎక్కడో చదివాను. అలాగే ఆడుతున్నా, ఆట చివర్లో మా చెల్లెలు నన్ను దాటేస్తోంది. ఆ 20 ఎక్కడినుంచి వచ్చింది? అది తప్పా? – చంద్రగిరి పాఠకుడు

జవాబు: ఆట తెలియనివారికి ముందు రెండు ముక్కలు. పాచిక ఒక్కటే. మీ వంతులో ఎన్నిసార్లైనా వేయొచ్చు. 2 నుంచి 6 దాకా పడినవి చేతిలో కూడుతూ పోతాయి. చాలనుకుని ఆపితే చేతిలోది మీ ఖాతాలో పడుతుంది. 1 పడిందో, చేతిలోదంతా పోయి వంతు అవతలివారికి వెళ్తుంది. ఖాతాలో ఉన్నదానికి మాత్రం ఏమీ కాదు. ముందుగా 100 చేరినవారిదే గెలుపు.

చేతిలో 20 ఉన్నప్పుడు ఇంకోసారి వేస్తే ఐదు ముఖాలు కలిపి ఇచ్చేది 2+3+4+5+6, అంటే 20. మిగిలిన ఒక్క ముఖం లాక్కునేదీ 20. సరికి సరి. చేతిలో 19 ఉంటే వచ్చేది ఎక్కువ, 21 ఉంటే పోయేది ఎక్కువ. 20 వెనకున్న లెక్క ఇంతే, అది తప్పు కాదు. ఈ పద్ధతిలో వంతుకు సగటున 8.14 పాయింట్లు వస్తాయి. అయితే నూటికి 62 వంతులు సున్నాతోనే ముగుస్తాయి. మొదటిసారి ఆడేవాళ్లు దీనికే బెంబేలెత్తి 10కో 12కో ఆపేస్తుంటారు.

ఇబ్బందల్లా ఆ లెక్కకు స్కోరు బోర్డు కనబడకపోవడమే. వంతుకు ఎన్ని పాయింట్లు వస్తాయో అది చూస్తుంది గానీ, అవతలివారు ఎంత దూరంలో ఉన్నారో చూడదు. 99 దగ్గర ఓడినా 9 దగ్గర ఓడినా ఓటమే కదా. మీ ఖాతాలో 75, చెల్లెలి ఖాతాలో 98, మీ చేతిలో 20 ఉన్నాయనుకోండి. నియమం ప్రకారం ఆపితే మీకు 95. ఇప్పుడు చెల్లెలికి కావలసింది 2, అంటే 1 తప్ప ఏది పడినా ఆమె గెలిచినట్టే. ఆరింట ఒక్కసారి మాత్రమే వంతు మళ్లీ మీ దాకా వస్తుంది. వచ్చాక కూడా మీరు 5 తెచ్చుకోవాలి. అంతా కలిపితే మీ గెలుపు అవకాశం 13 శాతం. ఆపకుండా అప్పుడే ఆ 5 కోసం వేస్తే? 1 పడకుండా 5 చేరే అవకాశం 216లో 161, అంటే 74.5 శాతం. మీ ఓటములన్నీ ఈ తేడాలోనే ఉన్నాయి.

ఇలా ప్రతి పరిస్థితికీ సరైన నిర్ణయాన్ని అమెరికాలోని గెటిస్‌బర్గ్ కాలేజీకి చెందిన టాడ్ నెల్లర్, క్లిఫ్టన్ ప్రెసర్ 2004లో కంప్యూటర్‌తో లెక్కగట్టి ప్రచురించారు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే మొదట వేసేవారు 53.06 శాతం ఆటలు గెలుస్తారు. అలా ఆడేవారు మొదట మొదలుపెట్టి, అవతలివారు 20 దగ్గర ఆపుతూ ఉంటే ఆ అంకె 58.74కు చేరుతుంది. పూర్తి పట్టికను ఎవరూ బట్టీ పట్టలేరు. ఆట మధ్యలో నోటితో వేసుకోదగ్గ లెక్కను కూడా వాళ్లే తర్వాత ఇచ్చారు: ఇద్దరిలో ఎవరి ఖాతా అయినా 71 లేదా ఆపైన ఉంటే గెలిచేదాకా వేస్తూనే ఉండండి. లేదంటే అవతలి స్కోరులోంచి మీ స్కోరు తీసేసి, 8తో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి 21కి కలపండి. అక్కడ ఆపండి. మీకు 24, ఆమెకు 56 ఉంటే 25 దగ్గర. మీకే 56 ఉండి ఆమెకు 24 ఉంటే 17 దగ్గర. ఇలా ఆడితే అసలైన ఉత్తమ ఆటకు ఒక శాతం లోపు తేడాయే ఉంటుంది.

ప్రశ్న: పిగ్ ఆటను ఎక్సెల్‌లో పెట్టి 10 నుంచి 40 దాకా ప్రతి సంఖ్య దగ్గరా ఆపి చూశాను. వంతుకు సగటు 34 దగ్గర అన్నిటికన్నా ఎక్కువ వస్తోంది. 20 అని అందరూ అంటున్నారు. పాచికకు రౌండ్(రాండ్()*5,0)+1 వాడాను. – చిత్తూరు పాఠకురాలు

జవాబు: సూత్రం రాసి పంపి మంచి పని చేశారు, తప్పు అందులోనే ఉంది. రాండ్ 0 నుంచి 1 లోపు ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. దాన్ని 5తో గుణిస్తే 0 నుంచి 5 మధ్య ఏదో ఒకటి వస్తుంది. రౌండ్ చేసినప్పుడు సున్నాగా మారేది 0 నుంచి 0.5 దాకా ఉన్న ముక్క మాత్రమే, అంటే పదో వంతు. 5గా మారేది కూడా అంతే. మధ్యలో ఉన్న నాలుగు అంకెలకు ఐదో వంతు చొప్పున దక్కుతుంది. అంటే మీ పాచికలో 1 ఆరింట ఒకసారి కాక పదింట ఒకసారి పడుతోంది. ఆ పాచికకు 20 లెక్క మళ్లీ వేయండి. 2, 3, 4, 5 ఒక్కొక్కటి 0.2 చొప్పున 2.8 ఇస్తాయి, 6 మరో 0.6 ఇస్తుంది, కలిపితే 3.4. పోయేది చేతిలోదాంట్లో పదో వంతు. రెండూ సమానమయ్యేది సరిగ్గా 34 దగ్గర. మీ షీటు తనకిచ్చిన పాచికకు సరైన సమాధానమే చెప్పింది!

రాండ్‌బిట్వీన్(1,6) వాడండి. ఇంకో చోట కూడా చూసుకోండి. 1 పడిందా అని చూసే సెల్‌లో ఒక రాండ్, కూడికలో మరో రాండ్ రాస్తే అవి రెండు వేర్వేరు పాచికలు అవుతాయి. వేసినది ముందు ఒక సెల్‌లో పెట్టి, మిగతా సూత్రాలన్నీ ఆ సెల్‌నే చూసేలా రాయాలి.

ప్రశ్న: పిగ్‌కు ఉత్తమ వ్యూహం పైథాన్‌లో రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తననే మళ్లీ పిలిచేలా రాశాను. ప్రోగ్రామ్ ప్రతిసారీ రికర్షన్ ఎర్రర్‌తో ఆగిపోతోంది. పరిమితి పెంచినా అంతే. – తిరుపతి, ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: పరిమితి ఎంత పెంచినా ఆగదు, ఎందుకంటే ఈ ఆట గుండ్రంగా తిరుగుతుంది. మీకు 1 పడి, అవతలివారికీ 1 పడితే సరిగ్గా మొదలైన చోటికే వస్తారు. మీ ఫంక్షన్ తన జవాబు కోసం చివరికి తననే అడుగుతోంది.

ఒక స్థితికి మూడు అంకెలు: మీ ఖాతా, అవతలి ఖాతా, మీ చేతిలోది. ఖాతా, చేయి కలిపి 100 లోపు ఉన్న స్థితులన్నీ లెక్కపెడితే 5,05,000. ఒక్కో స్థితిలో మీ గెలుపు అవకాశం ఎంతన్నది తెలియని రాశి. ఆపితే వచ్చే విలువ: ఒకటిలోంచి, ఖాతాలు తారుమారు చేసి అవతలివారు వేసే స్థితి విలువ తీసేయాలి. వేస్తే వచ్చే విలువ: ఆరు ఫలితాల సగటు. 1 పడిన ఫలితానికి పైలాగే ఒకటిలోంచి తీసివేత, మిగతా ఐదింటికి చేయి పెరిగిన స్థితుల విలువలు. 100 చేరితే విలువ 1. ఈ రెండింట్లో పెద్దదే ఆ స్థితి విలువ.

అన్నిటికీ సున్నా పెట్టి మొదలుపెట్టండి. పట్టికంతా పై నియమంతో ఒకసారి తిరగరాయండి, మళ్లీ తిరగరాయండి. ఒక విడతలో వచ్చిన అతిపెద్ద మార్పు 0.000000001 కంటే తగ్గాక ఆపండి. విలువల పునరావృత్తి అనే పద్ధతి ఇదే. త్వరగా తేలాలంటే ఒక కిటుకుంది. ఖాతాలు ఎప్పుడూ తగ్గవు. కాబట్టి 99–99 జతతో మొదలుపెట్టి, రెండు ఖాతాల మొత్తం తగ్గుతూ పోయే వరుసలో, ఒక జతనూ దాని తారుమారు జతనూ కలిపి తేల్చేసి కిందికి రండి. ఒకసారి తేలిన జతలను మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

సరిచూసుకోవడానికి కాగితం మీద వచ్చే విలువలు ఇవి. చేయి ఖాళీగా ఉండి ఇద్దరికీ 98 ఉంటే వేసేవారి అవకాశం 7లో 6 వంతులు, అంటే 0.857. మీకు 1 వస్తోందంటే ఒకటిలోంచి తీసేయడం మర్చిపోయారు. మీకు 95, అవతల 98 ఉంటే 0.778 రావాలి. మీకు 98, అవతల 95 ఉంటే 0.870. ఈ రెండూ అటుదిటైతే ఖాతాలు తారుమారు చేసే చోట తప్పు ఉంది. అన్నీ సున్నా ఉన్న చోట 0.5306 కనబడితే పని పూర్తయినట్టే.

వచ్చిన వ్యూహాన్ని ఉత్తుత్తి ఆటలు ఆడించి కూడా పరీక్షించవచ్చు. కానీ 10,000 ఆటలకు ఒక శాతం అటూఇటూ తేడా మామూలే. 52.4 వచ్చిందని ప్రోగ్రామ్‌ను విప్పదీయకండి. పదో వంతు శాతం దాకా నమ్మాలంటే 10 లక్షల ఆటలు కావాలి.

ఇదంతా ఎక్సెల్‌లో చేయాలనుకునేవారికి ఒక మాట. పూర్తి ఆటకు అది చాలదు. గెలుపు సంఖ్యను 10కి తగ్గించి చేసుకోవచ్చు. ఆప్షన్స్‌లోని ఫార్ములాస్‌లో పునరావృత గణన ఆన్ చేయాలి. అక్కడ ముందుగా ఉండే 100 విడతలు, 0.001 మార్పు సరిపోవు. విడతలు పెంచి, మార్పును బాగా తగ్గించండి.

ప్రశ్న: వైకుంఠపాళిలో పాముల నుంచి తప్పించుకునే వ్యూహం ఏదైనా ఉందా? – శ్రీకాళహస్తి పాఠకురాలు

జవాబు: లేదు. ఆ ఆటలో మీరు తీసుకునే నిర్ణయం ఒక్కటీ ఉండదు.

ప్రశ్న: మా ఊళ్లో అష్టాచెమ్మా చింతపిక్కలతో ఆడతాం. నాలుగు పిక్కలను ఒకవైపు బండకు అరగదీసి తెల్లగా చేస్తాం. ఎన్ని తెలుపు పైకి పడితే అన్ని గడులు, నాలుగూ తెలుపైతే చెమ్మా 4, నాలుగూ నలుపైతే అష్టా 8. ఈ రెండింటికీ ఇంకోసారి వేయొచ్చు. అవతలివాళ్ల కాయకు ఎంత దూరంలో ఉంటే క్షేమం? – పలమనేరు పాఠకుడు

జవాబు: ముందు మీ పిక్కల గుణం తెలియాలి. నాలుగింటినీ 100 సార్లు వేసి, పైకి పడ్డ తెలుపులన్నీ లెక్కపెట్టండి, మొత్తం 400లో ఎన్ని అన్నది. అరగదీసిన తీరును బట్టి ఇది మారుతుంది, 200 దగ్గరే ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ఇన్ని వేసినా మీకొచ్చే శాతం ఐదు అటూఇటూ ఉండొచ్చని గుర్తుంచుకోండి.

తెలుపు సగం సార్లు పడే పిక్కలైతే 16లో 4 సార్లు 1, 6 సార్లు 2, 4 సార్లు 3, 4, 8 చెరోసారి. మీ కాయ అవతలి కాయకు రెండు గడుల ముందు ఉంటే దెబ్బ తినే అవకాశం 37.5 శాతం, ఒకటి లేదా మూడు గడులైతే 25, నాలుగైతే 6 చిల్లర. ఐదు గడుల ముందున్న కాయను కొట్టాలంటే వాళ్లకు చెమ్మా పడి ఆపైన 1 పడాలి, అది 64లో ఒక్కసారే. కాబట్టి మూడు గడుల లోపల నిలబడక తప్పని స్థితి వస్తే, రెండో గడిని మాత్రం వదిలేయండి.

మీ లెక్కలో 400కు 240 తెలుపులు వచ్చాయనుకోండి, అంటే 60 శాతం. అప్పుడు 1 పడే అవకాశం 15 శాతానికి పడిపోతుంది. 2, 3 చెరో 35 శాతం. చెమ్మా 13, అష్టా 2.6. ఇప్పుడు ఒక గడి ముందు కూర్చోవడమే మూడు గడుల ముందు కూర్చోవడం కన్నా రెండింతలకు మించి క్షేమం, మామూలు అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు. వేసిన ఒక్కోసారికి సగటు నడక కూడా 2.5 నుంచి 2.6కు పెరుగుతుంది. ఒక పిక్క మిగతావాటికన్నా వేరుగా పడుతోందేమోనన్న అనుమానం ఉంటే దానికి చాక్‌పీసుతో గుర్తుపెట్టి విడిగా లెక్కపెట్టండి. నాలుగూ ఒకేలా ఉంటేనే పై అంకెలు పనికొస్తాయి.

ప్రశ్న: లూడోలో ఇదే ప్రశ్న. వెనకాల శత్రువు కాయ ఉన్నప్పుడు ఎంత దూరం పోవాలి? – పుత్తూరు పాఠకుడు

జవాబు: 1 నుంచి 6 గడుల దాకా ఎక్కడున్నా ముప్పు ఒకటే, ఆరింట ఒకటి. 6 పడితే ఇంకోసారి వేసే నియమం ఉంటే, ఏడో గడి దగ్గర దెబ్బ తగలాలంటే 6 తర్వాత 1 పడాలి, అది 36లో ఒకటి. కాబట్టి 3 నుంచి 5కు జరగడం వల్ల ఒరిగేదేమీ లేదు, 6 నుంచి 7కు జరగడంలోనే ఆరింతల లాభం ఉంది. వెనకాల ఒకే ఆటగాడివి రెండు కాయలు ఆరు గడుల లోపల వేర్వేరు దూరాల్లో ఉంటే ముప్పు రెట్టింపు, రెండూ ఒకే గడిలో ఉంటే పెరగదు. కాయ బయటికి రావడానికి 6 కోసం ఎదురుచూసేవారికి: పదిసార్లు వేసినా 6 పడకపోవడం నూటికి 16 సార్లు జరిగేదే. దానికి పాచికను తిట్టకండి.

ప్రశ్న: గాంధీ రోడ్డులో కొన్న పాచికను 600 సార్లు వేశాను. 1 నుంచి 6 దాకా వరుసగా 85, 97, 104, 98, 101, 115 సార్లు పడ్డాయి. 6 మరీ ఎక్కువ, 1 మరీ తక్కువ. పాచికలో మోసం ఉందా? – తిరుపతి, బైరాగిపట్టెడ పాఠకుడు

జవాబు: ఓపికకు మెచ్చుకోవాలి. ప్రతి ముఖానికీ రావలసింది 100. తేడాలు 15, 3, 4, 2, 1, 15. ఒక్కోదాన్ని వర్గం చేసి కూడితే 480, దాన్ని 100తో భాగిస్తే 4.80. ఇదే కై-స్క్వేర్ విలువ. ఆరు ముఖాల పాచికకు ఇది 11.07 దాటితేనే అనుమానించాలి. నిఖార్సయిన పాచిక కూడా నూటికి ఐదుసార్లు ఆ హద్దు దాటుతుంది. మీది సగం కూడా చేరలేదు. 600 సార్లలో ఒక ముఖం 9 అటూఇటూ పడడం సహజం, 15 అంటే వింతేమీ కాదు.

అయినా మనసు ఒప్పుకోకపోతే గ్లాసు నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి పాచికను వేసి చూడండి. తేలిందా, వేలితో తిప్పి వదలండి, పదిసార్లు. ప్రతిసారీ ఒకే ముఖం పైకి వస్తుంటే దాని ఎదురు ముఖం వైపు బరువు ఉన్నట్టు. 6 పైకి వస్తుంటే బరువు 1 వైపు ఉంది, ఎదురెదురు ముఖాలు కలిపితే 7 కదా. మునిగిపోతే ఆ ప్లాస్టిక్ ఉప్పునీటికన్నా బరువైనది, పరీక్షకు పనికిరాదు. అప్పుడు మరో 600 సార్లు వేయడమే దారి. ఈసారి చేత్తో కాకుండా స్టీలు గ్లాసులో గిలకొట్టి, గట్టి పలక మీద వేయండి.