మార్క్సిజం సొంతంగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పార్టీలో లేను, చెప్పేవాళ్ళు లేరు, మార్క్స్ పెద్ద పుస్తకం 'కాపిటల్' మొదటి అధ్యాయం దాటలేకపోతున్నాను, ఏ వరసలో చదవాలి అని అడిగారు. నేను చెన్నైలో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ఎక్కువ భాగం ఒంటరిగానే చదివాను. నాకు పనికొచ్చింది చెప్తాను.

మొదటి అధ్యాయం కష్టమని మార్క్సే ముందుమాటలో రాశాడు. 1867 నవంబరులో మిత్రుడు కూగెల్‌మన్‌కి రాసిన ఉత్తరంలో, పని దినం, సహకారం, శ్రమ విభజన, యంత్రాలు, ఆదిమ సంచయం (పెట్టుబడి మొదట్లో ఎలా పోగైందన్నది) మీది అధ్యాయాలు తేలిగ్గా చదవొచ్చని మీ ఆవిడకి చెప్పండి అన్నాడు. మీరూ 'కాపిటల్'ని 'పని దినం' దగ్గర మొదలుపెట్టండి. మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయి 1863లో లండన్‌లో ఇరవై ఆరున్నర గంటలు ఆగకుండా కుట్టుపని చేసి చనిపోయిన సంగతి అందులోనే ఉంది. ఓవర్‌టైమ్ చేసే మనిషి ఎవరైనా ఆ పేజీలు వదలలేరు.

కానీ అంతకంటే ముందు ఒక చిన్న పుస్తకం చదవాలి: 'వేతనం, ధర, లాభం'. 1865 జూన్‌లో, మొదటి ఇంటర్నేషనల్ (అంతర్జాతీయ కార్మిక సంఘం) జనరల్ కౌన్సిల్‌లో మార్క్స్ చేసిన ప్రసంగం ఇది. అందులో సభ్యుడైన వెస్టన్ అనే వడ్రంగి, కూలి పెంచుకుని లాభం లేదు, ధరలు కూడా పెరిగిపోతాయి అని వాదించాడు. మార్క్స్ జవాబు ఏమిటంటే, కూలి పెరిగితే మొత్తంమీద తగ్గేది లాభాల రేటే గానీ సరుకుల ధరలు పెరగవు.

ఈ వాదన నాకెందుకు అంత పట్టిందంటే, నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక విడిభాగాల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. జీతాల ఒప్పందం వచ్చిన ప్రతిసారీ వెస్టన్ మాటే వింటాను: జీతం పెంచితే రేటు పెంచాలి, ఆర్డర్ పోతుంది. మేం వేసే కాస్టింగ్ షీట్‌లో ఉక్కు, కరెంటు, కూలి ఒకదాని కింద ఒకటి ఒకేలాంటి ఖర్చులుగా ఉంటాయి. మార్క్స్ వాటిని విడదీస్తాడు. ఉక్కు, యంత్రం తమకున్న విలువనే సరుకులోకి చేరుస్తాయి, కొత్తగా ఏమీ కలపవు. మనిషి మాత్రం తన కూలికి సరిపడా విలువను షిఫ్టులో కొంతసేపటికే తయారుచేసి, మిగతా గంటలు కూడా పనిచేస్తాడు. అదనపు విలువ ఆ గంటల్లోంచే వస్తుంది. ఇది అర్థమయ్యాక ఆ షీట్‌ని మళ్ళీ మామూలుగా చూడలేం.

అందుకే ఏ పుస్తకం పట్టుకున్నా, ఎవరి వాదనకి జవాబుగా రాశారో ముందు కనుక్కోండి. లెనిన్ 1917లో రాసిన 'రాజ్యం - విప్లవం' కూడా అంతే. జర్మన్ సోషలిస్టు నాయకుడు కౌట్‌స్కీతో గొడవేమిటో తెలియకుండా చదివితే పొడి మాటల్లా ఉంటుంది. దాన్ని తర్వాతకి ఉంచండి.

తెలుగులో రంగనాయకమ్మ గారి 'కాపిటల్' పరిచయం పక్కన పెట్టుకోండి. విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకాలు విజయవాడ వెళ్ళినప్పుడు తెచ్చుకోవచ్చు. వీడియోల్లో సారాంశాలు చూసి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. వాదన నడిచే తీరు వాటిలో పోతుంది.

ఇంకో మాట. మన దేశంలో చదివేవాళ్ళు అంబేడ్కర్‌ని పక్కన పెట్టకూడదు. దేశంలో మొదటి మేడే 1923లో ఈ ఊరి సముద్రతీరంలోనే కమ్యూనిస్టు నాయకుడు సింగారవేలు జరిపారని మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి రెండేళ్ళ ముందు, 1921లో, పెరంబూరు బి అండ్ సి (బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్) బట్టల మిల్లు సమ్మెలో ఆది ద్రావిడ (దళిత) కార్మికులకీ మిగతావాళ్ళకీ మధ్య చీలిక వచ్చి పులియాంతోపులో కొట్లాటలు జరిగాయి. కులం శ్రమ విభజన ఒక్కటే కాదు, శ్రామికుల విభజన కూడా అని 1936లో అంబేడ్కర్ రాసిన మాటకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వర్గం గురించి పది పుస్తకాలు చదివి ఈ ప్రశ్న దగ్గర నోరు మెదపని వాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

చదివిన ప్రతి అధ్యాయాన్నీ మీ సొంత జీతం లెక్కలతో ఒక పేజీ తెలుగులో రాసుకోండి. రాయలేకపోతే అర్థం కానట్టే, మళ్ళీ చదవాలి. ఆ పేజీ చూసి అడ్డు ప్రశ్నలు వేసే మనిషి ఒక్కరున్నా చాలు. మీరు పెరంబూరు, అంబత్తూరు వైపు ఉంటే చెప్పండి, ఆదివారాలు నాకు వీలవుతుంది. 'వేతనం, ధర, లాభం' నుంచి మొదలుపెడదాం.